సుజాత భుజం, నేను బిగించిన బెంచీ

ఆ శనివారం సుజాత గరాజ్‌లోంచి వచ్చి, "ఏమండీ, బెంచీ బాగా ఎత్తుగా ఉంది, భుజం లాగుతోంది" అంది. నేను తల ఎత్తకుండానే, "స్టూల్ వేసుకో" అన్నాను. తప్పు అక్కడ మొదలైంది. అది నాదే.

సుజాత నా భార్య. మేము అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో ఉంటాం. ఆమె ఐదేళ్లుగా పిస్టల్ మ్యాచ్‌లకి వెళ్తోంది. తన తూటాలు తానే తయారు చేసుకుంటుంది. పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని రీలోడింగ్ ప్రెస్‌లో పెట్టి, పొడవాటి హ్యాండిల్‌ని పైనుంచి కిందికి లాగాలి. ఒక్కో తూటాకి మూడు నాలుగుసార్లు, వారానికి రెండు వందల తూటాలు. ఆ ప్రెస్ బిగించడానికి బెంచీ చేసింది నేను, తుపాకీ ఎప్పుడూ ముట్టనివాణ్ణి. నా మోచేతికి సరిపోయే ఎత్తు చూసుకుని గోడకి బోల్టులు వేశాను. నేను ఐదడుగుల పదకొండు, ఆమె సరిగ్గా ఐదడుగులు. హ్యాండిల్ పైకి లేస్తే ఆమె తల దాటేది. ఈ తేడా నాకు తట్టలేదంటే అబద్ధమవుతుంది. బోల్టులు విప్పడానికి బద్ధకించాను.

నెల తిరిగేసరికి జడ వేసుకోవడానికి ఆమె కుడిచెయ్యి పైకి రాలేదు. MRI తీశారు. "రొటేటర్ కఫ్‌లో పార్షియల్ టేర్ ఉంది, అంటే భుజం కండరం కొంత చిరిగింది. ఆరు వారాలు ఫిజికల్ థెరపీ చేద్దాం. అప్పటికీ బలం రాకపోతే సర్జరీ" అన్నారు డాక్టర్. సర్జరీ తర్వాత పిస్టల్ నిలకడగా పట్టుకోగలనా అని సుజాత అడిగింది. మాట ఇవ్వలేనన్నారాయన.

డాక్టర్ ఇచ్చిన స్టిరాయిడ్ ఇంజెక్షన్‌తో పది రోజుల్లో నొప్పి తగ్గింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. "తగ్గిందిగా, మ్యాచ్ దగ్గర పడుతోంది, మొదలుపెట్టు మరి" అని నేనే తొందరపెట్టాను. రెండు రోజులు ప్రెస్ దగ్గర నిలబడింది. మూడో రోజు అన్నం గిన్నె దించలేకపోయింది.

థెరపిస్టు అరవై ఏళ్ల ఆవిడ, మాట కరుకు. చెప్పిన ఎక్సర్‌సైజులన్నీ చేస్తున్నా భుజం నొప్పి ఎందుకు తిరగబెడుతోందో ఆవిడకి అర్థం కాలేదు. ఇంట్లో ఈ చేత్తో చేసే పని ఏదైనా వీడియో తీసి తెమ్మంది. ప్రెస్ దగ్గర సుజాతని నేనే తీశాను. ఆవిడ రెండుసార్లు చూసి, స్టూల్ మీద కూడా సుజాత మడమలు లేచి ఉన్నచోట ఆపింది.

"ఈ బెంచీ ఎవరి కోసం చేశారు?" అని అడిగింది.

మా ఆవిడ కోసమేనన్నాను. సుజాత కోపం లేకుండానే, "ఆయన ఎత్తుకే చేశారు. నేను వాడుకుంటున్నాను, అంతే" అంది.

హ్యాండిల్ పైకి లేచినప్పుడు కూడా చెయ్యి భుజం దాటకూడదని, బెంచీ మారేదాకా తన దగ్గరికి రావడం దండగని థెరపిస్టు చెప్పేసింది. పార్కింగ్‌లో సుజాతకి క్షమాపణ చెప్పాను. "ముందు ఆ బోల్టులు విప్పండి" అంది.

అదే రోజు విప్పాను. కొలవబోతుంటే టేపు తన చేతికిమ్మంది. గరాజ్‌లో వేసుకునే బూట్లతో నిలబడి, మోచెయ్యి మడిచి, ప్రెస్‌లో తూటా కూర్చునే చోటు ఆ ఎత్తుకి వచ్చేలా లెక్కచూసి, బెంచీ కాళ్ల మీద తనే పెన్సిల్ గీత పెట్టింది. నా కొలతకన్నా పదకొండు అంగుళాలు తక్కువ. కోశాను. ఇప్పుడు నిక్కకుండానే గొట్టాల్లో పోసిన పేలుడు పౌడర్ ఎంతవరకు ఉందో కనిపిస్తోందని ఆమె అంది. పౌడర్ ఎక్కువ పడితే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. అది సరిచూడ్డానికి ఇన్నాళ్లూ ఆమె స్టూల్ మీద నిలబడి నిక్కి చూసేది.

థెరపీ మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఆరో వారం డాక్టర్ ఆమె చెయ్యి ఎత్తించి, తన అరచేత్తో కిందికి నొక్కి చూశారు. చెయ్యి దిగలేదు. "సర్జరీ అక్కర్లేదు" అన్నారు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఆమె మ్యాచ్‌లకి వెళ్తోంది. ప్రెస్ దగ్గర యాభై తూటాలకోసారి ఆగి భుజం తిప్పుకుంటుంది.

ఇంట్లో ఎవరికైనా బెంచీ చేసేవాళ్లకి ఒక్క మాట. పని చేసే మనిషినే నిలబెట్టి, మోచెయ్యి మడిపించి, గీత వాళ్లచేతే పెట్టించండి. నొప్పి అన్నరోజే లేచి వెళ్లి చూడండి.

ఈ ఇంట్లో ఇంకా ఏమేమి నా ఎత్తుకి బిగించానో చెప్పమని సుజాతని అడిగాను. ఆలోచించకుండానే ఏడు చెప్పింది. ఐదు దించాను. ఈ ఆదివారం బట్టల అల్మరాలో కడ్డీ వంతు.