ఇంకొంచెం దగ్గరకు

2020 జూలై పదిహేడు. ఆ ఉదయం పత్రికలో వచ్చిన, ఊళ్లోని కొత్త కరోనా కేసుల సంఖ్య నలభై మూడు. స్టూడియో తలుపు తీయగానే ఫోటోగ్రాఫర్ ఆ అంకెను సుద్దముక్కతో పలక మీద రాసి గుమ్మానికి తగిలించాడు. అది ఆయన రోజూ చేసే పని.

ఆయనను అజాగ్రత్తపరుడని ఎవరూ అనలేరు. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవారు ఎడంగా నిలబడడానికి నేల మీద తెల్లరంగుతో వలయాలు గీశాడు. అద్దం ముందున్న దువ్వెన తీసేశాడు. ఇన్నేళ్లూ కాలర్లు సర్దిన చేతులను వెనక్కి కట్టుకొని, "గడ్డం కాస్త దించండి, ఎడమ భుజం వదలండి" అంటూ అన్నీ మాటలతోనే సర్దేవాడు. ఎదుటి టీకొట్టు యజమాని ఊరుకునేవాడు కాదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అని రోజూ ఒక విసురు విసిరేవాడు.

ఆ జాగ్రత్తంతా అక్క కోసమే. తల్లి పోయాక ఆయనను పెంచింది ఆమె. ప్రెస్సులో, పుస్తకాలకు అట్టలు కట్టే విభాగంలో కాగితపు దుమ్ము పీల్చి పీల్చి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ జబ్బు సోకితే ఆమె తట్టుకోలేదని డాక్టరు ముందే హెచ్చరించాడు.

ఆ సాయంత్రం ప్రెస్సు ఆవరణలో అక్క పదవీ విరమణ సభ. కుర్చీలు ఎడంగా వేశారు. అందరికీ మాస్కులు ఉన్నాయి. కట్టింగ్ మెషిన్ మేస్త్రీ మధ్యమధ్య దగ్గుతున్నాడు. ఆ విభాగంలో దగ్గని వారెవరు? దుమ్మేనని అందరూ అనుకున్నారు, మేస్త్రీతో సహా.

చివర గ్రూపు ఫోటో. "ఒక్క నిమిషం మాస్కులు తీస్తే బాగుంటుంది" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"పదిమందితో చావు పెళ్లితో సమానం! తీయండర్రా" అని మేనేజరు నవ్వుతూ మొదట తన మాస్కు తీశాడు. ఆయన తీశాక మిగిలినవారు తీయక తప్పలేదు.

కెమెరాకు కన్ను ఆనించగానే ఆయన నోట వృత్తి పలికింది. "ఇంకొంచెం దగ్గరకు జరగండి. మేస్త్రీ గారూ, ఎడమకు. అక్కా, నువ్వేంటి అంత దూరంగా?"

"నాకిక్కడే బాగుందిరా" అంది అక్క, షెడ్డు స్తంభం పక్క నుంచి.

"నీ సభలో నువ్వే పక్కింటావిడలా నిలబడితే ఎలాగే? రా, మధ్యలోకి రా."

అందరూ గొల్లుమన్నారు. అక్క కూడా నవ్వి, మాస్కు తీసి మడిచి చేతిలో పట్టుకొని, వచ్చి మేస్త్రీ పక్కన నిలబడింది. వెలుతురు చాలక ఆయన అదే ఫోటోను మళ్లీ మళ్లీ తీశాడు.

తరువాత, ఆ వీధిలోనే ఉండే నేను అడిగినప్పుడు ఆయన చెప్పిన మాట ఇది: "కెమెరాలోంచి చూస్తే మనుషులు కనబడలేదమ్మా, మధ్యలో ఖాళీలు కనబడ్డాయి. ఖాళీ ఉంటే ఫోటో పాడవుతుందని భయం. అంతకుమించిన భయం అప్పుడు గుర్తుకే రాలేదు."

నాలుగు రోజులకు మేస్త్రీకి జబ్బు తేలింది. మరుసటి రోజు అక్కకు జ్వరం. ఆమెను చేర్చిన ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఫోనులో ఆయన ఏడుస్తూ, "నేను పిలిస్తే మాత్రం ఎందుకొచ్చావే? తెలియదా నీకు?" అని అడిగాడు.

"తెలుసురా" అంది ఆమె, ఆయాసపడుతూ. "అంతా నవ్వుతుంటే నేనొక్కదాన్నే భయపడితే వాళ్లను అనుమానించినట్టు ఉండదూ? పైగా పిలిచింది నువ్వు."

ఆ రోజుల్లో ఆమె దుకాణానికీ వెళ్లింది, బ్యాంకుకూ వెళ్లింది. ఎక్కడ సోకిందో నిర్ధారించే దారి లేదు. ఆ మాట నేను చెప్పి చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మరుసటి వారం మంగళవారం అక్క చనిపోయింది. ఇంట్లో ఒంటరిగా క్వారంటైన్‌లో ఉన్న బావ రెండు రోజుల తరువాత ఫోను చేశాడు.

"ఒక్కటి చెప్పరా. సభలో అది దూరంగానే ఉంటానని నాకు మాటిచ్చి వెళ్లింది. ఉందా?"

ఉందనవచ్చు. బావ నమ్మేవాడే.

"ఉంది బావా. ఫోటో దాకా ఉంది. నేనే దగ్గరకు పిలిచాను."

ఆ మాట విని బావ ఫోను పెట్టేశాడు. ఆ వారంలో మళ్లీ చేయలేదు.