ట్యాంకర్ భాయ్ ఏరిన అఖీఖ్ రాళ్లు

మా ట్యాంకర్ భాయ్ పోయాడు. మొన్న కడప నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "చాచా, అబ్బా ఇంక లేడు" అంది.

తొంభైల్లో ఒమన్‌లో, ఆదమ్ అనే ఊరు దాటాక ఎడారిలో రోడ్డు పని. నేను నిజామాబాద్ నుంచి వెళ్లిన కూలీని. ఆయన సైట్‌కి నీళ్లు తెచ్చే డ్రైవరు. ఇద్దరిదీ ఒకే రూమ్. శుక్రవారం డ్యూటీ ఉండదు కదా, పొద్దున్నే నన్ను లేపి గులకరాళ్ల మైదానంలోకి తీసుకుపోయేవాడు. జుమ్మా నమాజు వేళకు తిరిగొచ్చేవాళ్లం. అక్కడ వెలుగు చొరబడే రాళ్లు ఏరేవాడు. మా ఇంజనీరు వాటిని ఇంగ్లీషులో చాల్సెడనీ అన్నాడు. భాయ్‌కి మాత్రం అవి ఉంగరాల్లో పొదిగే అఖీఖ్.

"ఎండకి ఎదురుగా నడువప్పా. ఈపు తిప్పితే అన్నీ ఉత్త రాళ్లే" అనేవాడు. నిజమే. మామూలు రాయి నల్లగా ఉండిపోతుంది, అఖీఖ్ లేత బెల్లంపాకంలా వెలుగుతుంది. వానలకు ఎప్పుడో నీరు పారి ఎండిన పల్లాల్లో ఎక్కువగా దొరికేవి. అనుమానమొస్తే నాలుకతో తడిపి చూసేవాడు.

"ఛీ, గదేం పని భాయ్!" అంటే పడీపడీ నవ్వేవాడు.

ఎన్ని దొరికినా ఒక్కటే తెచ్చుకునేవాడు. "నేను ఇంట్లో లేని శుక్రవారానికి ఒకటి, నా బిడ్డకి" అనేవాడు. పుట్టాక ఆ బిడ్డను ఆయన ఇంకా చూడనేలేదు.

నేను సెలవుకు బయల్దేరితే, కడపలో బిడ్డకు పంపమని ఆ రాళ్ల మూట నా చేతిలో పెట్టాడు. విమానాశ్రయంలో బరువు ఎక్కువైందన్నారు. పాలపొడి డబ్బాలు తీయడానికి నాకు చేతులు రాలేదు. మూట తీసి చెత్తడబ్బాలో పడేశాను. పడేశానండీ, ఇంకా దాచడమెందుకు? ఊళ్లో, ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుకలోంచి నున్నటి గులకరాళ్లు ఏరి, మూటకట్టి కడపకు పంపాను.

మరుసటేడు భాయ్ ఇంటికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. వచ్చాడు. ఆ శుక్రవారమూ ఎప్పటిలాగే, "లెయ్యప్పా, ఎండొస్తాండాది" అని తట్టి లేపాడు. ఆయన గుర్తుపట్టలేదులే అనుకుని ఇన్నేళ్లూ గుండె దిటవు చేసుకున్నాను. సిగ్గులేని ధైర్యం.

మొన్న ఫోన్‌లో ఆ పిల్ల ఏడుస్తూనే చెప్పింది. "నువ్వు పంపిన రాళ్లు ఇంకా దాచుకున్నా చాచా. చిన్నప్పుడు తడిపి తడిపి ఎండకి పెట్టి సూసేదాన్ని. ఒక్కటీ వెలిగేది కాదు. అబ్బాని అడిగితే, 'ఈడ ఎండ సాలదు బిడ్డా' అనేవాడు."

కడపలో ఎండ చాలదట!

నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. వాళ్ల నాన్న కోసమే అనుకుని, ఆ పిల్లే నన్ను ఓదార్చింది.