వల మీద ఆగిన చక్రం

రెండేళ్ల క్రితం వెంకటాచలంలోని నా మెకానిక్ షెడ్డుకు రఘురామయ్య గారు తన పాతకాలపు రేసుకారు తెచ్చారు. మలుపుల్లో పట్టు తప్పకుండా సస్పెన్షన్ సరిచేయమన్నారు.

“వెనక స్ప్రింగులు మరీ గట్టివి వేయబాక మస్తానూ, తోక తిప్పేస్తది” అని కూడా చెప్పారు.

నేను వినలేదు. గట్టివే వేసి, మర్నాడు పొద్దున మైపాడు రోడ్డులో వేగంగా నడిపి చూశాను. మలుపులో వెనక భాగం జారింది. కారు గిర్రున తిరిగి రోడ్డు దిగింది. దుమ్ము తగ్గాక చూస్తే, చేపల వల బాగుచేసుకుంటున్న ఒక ముసలామెకు జానెడు దూరంలో, ఆ వల మీదే చక్రం ఆగి ఉంది.

ఆమె కేకలు వేయలేదు. నా దగ్గరకొచ్చి, “దెబ్బేమన్నా తగిలిందా అబ్బయా?” అంది.

ఆ రోజే పాత స్ప్రింగులు బిగించి, జరిగిందంతా రఘురామయ్య గారికి చెప్పాను. ఇప్పటికీ ఏ కారు కిందకు దూరినా ఆ ముసలామె గొంతు వినిపించి చెయ్యి ఆగిపోతుంది. ఆమె నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.