జల్ది పోనియ్యమన్నది నేనే

మొన్న వాతావరణ ఉపగ్రహాన్ని శ్రీహరికోటకు తీసుకుపోతూ టీ కోసం ఆగినప్పుడు, పక్కనున్న బండల లారీలోంచి తడిసిన వరిగడ్డి వాసన వచ్చి, నన్ను ఉన్నపళంగా తాండూరులో మా నాయిన లారీ ఎక్కించింది.

నాయిన బండల లారీ తోలేవాడు. పడుకోబెడితే పగులుతాయని బండల్ని అంచుల మీద నిలబెట్టి, మధ్యమధ్య గడ్డి కుక్కి, గుంత కనబడితే పసిపిల్లను ఎత్తుకున్నట్టు మెల్లగా దాటించేవాడు. ఊరంతా తెల్లటి రాతిదుమ్ము, పప్పుమిల్లుల కందిపొట్టు వాసన, తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి ఎక్కడ వంగితే అక్కడ నున్నటి రాతిముక్కలు.

నా పదో ఏట క్రిస్మస్ ముందురోజు మర్పల్లిలో మా అమ్మమ్మ వాళ్ళ చర్చికి బండలు పోతుంటే నేనూ లారీ ఎక్కాను. అమ్మమ్మ చేసే బెల్లం గారెలు వేడివేడిగా తినాలని, వికారాబాద్ దాటినప్పటి నుంచి జల్ది పోనియ్యమని నాయిన ప్రాణం తీశాను. పోనిచ్చాడు. గుంతలో పడి లారీ ఎగిరింది. చర్చి ముందు నాయిన ఒక్కో బండనూ వేలితో కొట్టి చూస్తే మంచివి ఖంగుమన్నాయి, పగుళ్ళిచ్చిన నాలుగు మాత్రం చప్పగా పలికాయి. పాస్టరుగారితో తప్పు తనదేనన్నాడు. నేను నోరెత్తలేదు. గారెలు గొంతు దిగలేదంటే అబద్ధం, ఆరు తిన్నాను. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చింది మళ్ళీ పోలేదు.

ఇప్పుడు ఉపగ్రహాన్ని భద్రంగా చేర్చే బాధ్యత నాది. టీ తాగి బయల్దేరాక మబ్బు పట్టింది. వానల కబురు చెప్పాల్సిన దాన్ని వెంటబెట్టుకుని వానకే భయపడి, డ్రైవరు సిద్ధప్పను తొందరపెట్టాను. గుర్తుల్లేని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది, కుదుపుల్ని పసిగట్టే పరికరంలో ఎర్రలైటు వెలిగింది. చేరాక పెద్దసారు అడిగితే, సిద్ధప్ప తల వంచుకుని తనదే తప్పన్నాడు. అచ్చం మా నాయిన లాగే. ఈసారి నా నోరు లేచింది.

"తొందరపెట్టింది నేనే సార్," అన్నాను.

మూడు రోజులు పరీక్షలు చేశారు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. నాలుగోనాడు పొద్దున, ఉపగ్రహానికి ఏమీ కాలేదన్నారు. వరండాలోకొచ్చి తనివితీరా ఏడ్చాను. నాయినకు ఫోన్ చేసి, ఈ సంగతితో పాటు మర్పల్లిలో నోరెత్తని సంగతీ ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాను.

"లారీ తోలింది నేను గద బిడ్డా. గా ముచ్చట ఇన్నేండ్లు మోసినవా? ఇగ దించెయ్," అన్నాడు.

అమ్మమ్మ లేదు, ఆ లారీ ఎప్పుడో తుక్కు కిందికి పోయింది, పాత చర్చిని పడగొట్టి కొత్తది కట్టారు. ఫోన్ పెట్టేసి పట్టపగలే పడుకున్నాను. సాయంత్రం దాకా మెలకువ రాలేదు.