టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్లో, తిండి దుకాణాల మధ్య, ప్రతి ఆదివారం టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టేది జనార్దనరావే. సిడ్నీలో పనిచేసిన రోజుల్లో కొన్న రగ్బీ లీగ్ జెర్సీ ఇప్పుడు పొట్ట దగ్గర బిగుతైంది. కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, మీసం దువ్వుకుంటూ, తామిద్దరూ అభిమానించే సిడ్నీ రగ్బీ క్లబ్బు తీసేసిన ఆటగాడి గురించి స్నేహితుడు గియాసుద్దీన్‌తో వాదిస్తున్నాడు.

“కేసు వేస్తే గెలుస్తాడు భాయ్! ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్‌నే అడక్కుండా ఎవరూ తియ్యరు. అన్నేళ్లు ఆడినవాణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా తీసేస్తారా?”

“మరి పోయిన నెల మిమ్మల్ని నౌకరీ నుంచి తీసేసినప్పుడు అడిగిన్రా, రావుగారూ?”

మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉద్యోగుల ఫిర్యాదులు వినే ఆఫీసులో కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాడు, తోడు వస్తానన్న గియాసుద్దీన్ కోసం.