ఉబ్బిన బ్యాటరీ

మా మార్కాపురంలో డ్రిల్లు మిషన్ల బ్యాటరీలు బాగుచేసేది జిలాని ఒక్కడే. నా టీ కొట్టుకు ఆనుకొనే వాని దుకాణం. అరిగిపోయిన బ్యాటరీ విప్పి, లోపలి సెల్లులు మార్చి ఇస్తాడు. ఆ కుడిచేతి పనే వాని ఇంటిల్లిపాదికీ తిండి. ఉబ్బిన బ్యాటరీ మాత్రం ముట్టడు. ఎంత బతిమాలినా అంతే, మొండిఘటం!

ఆ పొద్దు పెద్దారవీడు దేవరాజు వచ్చినాడు. సీలింగు పనిచేసే మనిషి, నోటికి అదుపు లేదు. బ్యాటరీ బల్ల మీద పడేసి, "లేపు భాయ్, ఛార్జింగు ఎక్కట్లేదు, పని ఆగిపోయింది" అన్నాడు.

"ఉబ్బింది దేవరాజన్నా. ఇది చచ్చింది. లేపితే పేలుతుంది" అన్నాడు జిలాని.

"బైకు బ్యాటరీకి రెండు వైర్లు తగిలిస్తే అదే లేస్తుంది. మేమంతా అట్లనే చేస్తాం. కొత్తది అంటగట్టాలని చూస్తున్నావా, దొంగనాయాలా!"

ఈ పక్క పనోళ్లకు ఇదొక పిచ్చి. ఒకటి రెండుసార్లు నిజంగానే లేస్తుంది, ఆ ధైర్యమే కొంప ముంచుతుంది.

"పక్కనే ప్రసన్నక్క గ్యాసు సిలిండరు ఉంది, వద్దన్నా" అని నా కొట్టు వైపు చెయ్యి చూపించి జిలాని అడ్డం పోయినాడు. దేవరాజు వాని చెంప పగలగొట్టినాడు. జిలాని తల షట్టరుకు కొట్టుకొని నెత్తురు కారింది. "ఏందిరా నీ రౌడీతనం!" అని నేను గొంతు చించుకున్నా వింటేనా? బల్ల కిందున్న పాత బైకు బ్యాటరీ లాగి వైర్లు తగిలించినాడు.

బుస్సుమని పొగ లేచింది. జిలాని వైర్లు పీకేసి, దాన్ని కుడిచేత పట్టుకొని రోడ్డు మీదికి ఉరికినాడు. "నాది ఎక్కడికి ఎత్తుకపోతావురా!" అని దేవరాజు వెంటపడి కాలరు పట్టుకొని, మోకాలితో కడుపులో గుద్దినాడు. జిలాని వంగిపోయినాడు కానీ, జనం మధ్య దాన్ని విసరలేక పట్టుకొనే ఉన్నాడు. చేతిలోనే పేలింది. ఆ కాలిన వాసన, ఆ కేక... అబ్బా, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. మరిగే టీ గిన్నె తెచ్చి దేవరాజు వీపున కుమ్మరించినా. బాగా చేసినా.

పెద్దాసుపత్రిలో జిలానికి రెండు వేళ్లు తీసేసినారు.

కొన్నాళ్లకు దేవరాజు దుకాణానికి పండ్లు పట్టుకొచ్చి జిలాని కాళ్ల మీద పడినాడు. జిలాని వాన్ని భుజం పట్టి లేపినాడు. క్షమిస్తాడనుకున్నా. ఎడమచేత్తో ఈడ్చి కొట్టినాడు.

"ఇది నా వేళ్లకు కాదు. అక్క ఉందని చెప్పినా తగిలించినావే, దానికి."

నేను అక్కడే కూలబడి ఏడ్చినా. నా తోడబుట్టినోళ్లు కూడా ఏనాడూ నా కోసం ఒకరి మీద చెయ్యెత్తలేదు.