ముత్యాలరాజుగారు చాకిరేవు బండ కొన్న వైనం

మా మావయ్య ముత్యాలరాజుగారికి ఏ వస్తువైనా లోకంలో ఒక్కటే ఉంటే బెంగ లేదు. రెండు కనిపించాయా, ఇక ఆయన పని అయిపోయినట్టే. "ఇదా? అదా?" అంటూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయేవారు. ఆ చెయ్యి దిగేసరికి ఒక పూట పట్టేది, ఒక్కోసారి పక్షం రోజులు పట్టేది.

ఒకసారి చెప్పులు కుట్టే జగ్గయ్య రెండు జతలు తెచ్చాడు. ఒకటి మెత్తని జత, ఇంకోటి గట్టి జత. మావయ్యగారు మధ్యాహ్నం దాకా చూసి చూసి, కుడికాలికి మెత్తనిదీ ఎడమకాలికి గట్టిదీ ఉంచుకున్నారు. మిగిలిన రెండూ సంచిలో వేసుకుని, వీటిని ఎవరికి అంటగట్టాలా అని తల గోక్కుంటూ వెళ్లాడు జగ్గయ్య.

ఇంకోసారి ద్రాక్షారామం వెళదామని ఆయనా నేనూ ముక్తేశ్వరం రేవుకి వెళ్లాం. ఒడ్డున రెండు పడవలున్నాయి. "ఏది ముందు చేరుతుందంటావురా?" అన్నారు. "రెండూ ఇప్పుడే బయల్దేరుతున్నాయండి" అన్నాను. "అయితే ఆలోచించాలి" అన్నారు. మేం ఆలోచిస్తుండగానే రెండూ వెళ్లాయి, అవతలి ఒడ్డు చూసుకుని రెండూ తిరిగి వచ్చాయి. భీమేశ్వరుడి దర్శనం మర్నాటికి పడింది.

ఈ గుణం తెలిసే పెద్దలు పెళ్లికి ఆయన ముందు ఒక్క సంబంధమే పెట్టారట. "రెండోది కూడా చెప్పి ఉంటే ఈపాటికి నేను బతికిపోయేదాన్ని" అనేవారు మా అత్తయ్య గంగాదేవిగారు.

అలాంటి మనిషి ఊరికి చాకిరేవు బండ కొంటానని పూచీ పడ్డారు.

కోనసీమలో రాయి పుట్టదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రూ ఇసకా తప్ప ఏమీ తగలదు. పప్పు రుబ్బుకునే రోలు కూడా పడవెక్కి రావలసిందే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. ఆ ఏడు వరదకి మా రేవులో గట్టు విరిగి, తాతలనాటి బండ కాస్తా ఇసకలో కూరుకుపోయింది. పాపం, చాకలి రత్నం తాటిదుంగ మీద బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. దుంగ మీద మురికి వదలదు. పంచెలు ఏ రంగులో వెళ్లాయో ఆ రంగులోనే తిరిగొచ్చేవి.

ఊరిపెద్ద కామరాజుగారికి కోపం వచ్చింది. అందరినీ తన అరుగు దగ్గర కూర్చోబెట్టి, "రత్నానికి అరవై దాటేయి. ఇక దాని వల్ల కాదు. కార్తీక పౌర్ణమి దాకా చూద్దాం. అప్పటికీ బట్టలు ఇలాగే ఉంటే కొత్తపేట నుంచి కొత్త చాకలిని తెచ్చుకుందాం" అన్నారు.

రత్నానికి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఊరి బట్టలు ఉతికితేనే ఆమెకి తిండి. రేవు దగ్గర గుడిసె కూడా ఊరు ఇచ్చిందే. రేవు చెయ్యి జారితే రెండూ పోతాయి.

"బండ ఒక్కటి వేయించండి బాబూ, మల్లెపూవుల్లా ఉతుకుతాను" అని చేతులు జోడించింది.

"బండ నేను కొంటాను" అన్నారు మావయ్యగారు.

కామరాజుగారు కొత్తపేట దారివైపు చూశారు. రత్నం నా దగ్గరికి వచ్చి, "రాజుగారే కొంటారాండి?" అంది మెల్లిగా.

"ఆయనే."

"అయితే ఒక్కటే తెప్పించండి బాబూ. రెండోది ఆయన కంట పడనివ్వకండి."

నేను పడవ సరంగు నూకయ్యకి అదే మాట నాలుగుసార్లు చెప్పాను. వాడు "ఆయ్, ఆయ్" అని తలూపాడు. పౌర్ణమి పది రోజులుందనగా ఎగువ నుంచి నాలుగు బండలతో దిగాడు.

"ఇదేంట్రా నూకయ్యా?"

"పెద్దింటి బేరం కదండీ. ఏది నచ్చుద్దో తెలీక అన్ని రకాలూ తెచ్చేనండి."

ఒకటి నల్లగా నున్నగా ఉంది. ఒకటి ఎర్రగా గరుగ్గా ఉంది. ఒకటి పొడుగుది, ఒకటి పలచనిది. మావయ్యగారు చూశారు. ఒక చెయ్యి చాలక రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకున్నారు.

సలహా చెప్పడానికి ఊరు ఊరంతా రేవుకి వచ్చింది. కొబ్బరికాయని తట్టి చూపిస్తే లోపల నీళ్లెన్నో కొబ్బరెంతో చెప్పగల ఘనులు మావాళ్లు. రాళ్ల సంగతి ఒక్కడికీ తెలీదు. తెలీదని ఒప్పుకునేవాడూ లేడు. అందుకని వరసగా ఒక్కొక్కరే వచ్చి, బండని వేలితో తట్టి, చెవి ఆనించి విన్నారు.

కామరాజుగారు ఎర్రదాన్ని తట్టి, "ఇది లేతగా ఉందండి" అన్నారు. నల్లదాన్ని తట్టి, "ఇది ముదిరిపోయింది" అన్నారు.

"బట్టలకి లేతది మంచిదాండి, ముదురుదా?" అని మావయ్యగారు ఆత్రంగా అడిగారు.

కామరాజుగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. "పచ్చడికైతే లేతదండి. బట్టలకి... ఆలోచించాలి" అన్నారు. మావయ్యగారికి కావలసిన మాట దొరికింది.

మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున్నే రత్నాన్ని పిలిచి ఒక్కో బండ మీదా నాలుగేసి పంచెలు ఉతికించేవారు. "ఎలా ఉంది రత్నం?" అంటే, "బాగుందండి బాబూ" అనేది. ఇంకో బండకి మార్చి అడిగితే, అదీ బాగుందనేది. రాజుగారు తెచ్చిన బండ బాగాలేదని ఎలా అంటుంది? బండలు మార్చడంతో సరిపెట్టారా అంటే అదీ లేదు. ఒకరోజు నీళ్లలో పెట్టించారు, ఒకరోజు ఒడ్డున పెట్టించారు, ఇంకోరోజు మెట్టు మీదికి ఎక్కించారు. తాటిదుంగ మీద కూర్చుని చూసేవారు. "ఇంకోసారి ఉతుకు" అనేవారు. నా పంచెలన్నీ ఆ పరీక్షలకే అరిగిపోయాయి. ఏ బండ మీద ఏ పంచె తెల్లబడిందో నాకు గుర్తులేదు, ఎవరికీ గుర్తులేదు.

నూకయ్య మొదటిరోజు, "రాజుగారండీ, సరుకేసుకుని నేను ఓడలరేవు పోవాలండీ" అని గింజుకున్నాడు. రెండో రోజూ గింజుకున్నాడు. వాడికీ పడవవాళ్లకీ మా ఇంట్లోనే భోజనం. అత్తయ్యగారి పనసపొట్టు కూర రుచి చూశాక, ఆరో రోజున మావయ్యగారి పక్కకి చేరి, "తొందరేం లేదండి, నిదానంగా చూసుకోండి" అనడం మొదలెట్టాడు.

పౌర్ణమి రేపనగా కామరాజుగారు కబురు పంపారు. తెల్లారగానే కొత్తపేటకి మనిషి వెళుతున్నాడని. నేను రేవుకి వెళ్లేసరికి రత్నం గుడిసె ముందు బానలు బోర్లించి కూర్చుంది. "ఎక్కడికెళతావు?" అన్నాను. "తెలీదండి" అంది.

గబగబా మావయ్యగారు కూర్చున్న తాటిదుంగ దగ్గరికి వెళ్లాను. మావయ్యగారితో అలా మాట్లాడటం అదే మొదలు. "మీ ఇదా అదాతో ఆ ముసలిదాని నోట్లో మట్టి కొడుతున్నారండి!" అన్నాను.

ఆయన తాటిదుంగ మీద నుంచి లేచారు.

"నూకయ్యని పిలు. ఎర్రదీ నల్లదీ రెండూ ఉంచెయ్యమను. నల్లది కింద వెయ్యాలి, ఎర్రది దాని మీద. నీటి వైపు రెండు వేళ్ల వాలు ఉండాలి. రత్నానిది ఎడమచేతి వాటం, మూట పెట్టుకోడానికి ఎడమపక్క జాగా వదలండి. ఎర్రది కదలకుండా కింద సున్నం వేయించు. వెళ్లు."

నాకు బుద్ధి తెలిశాక ఆయన నోట ప్రశ్న లేకుండా ఇన్ని మాటలు వినడం అదే మొదటిసారి. "ఒకదాని మీద ఒకటి ఎందుకండీ?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వంగినప్పుడల్లా దానికి నడుం పట్టేస్తోందిరా. అందుకే మురికి వదలట్లేదు. దుంగా కాదు, బండా కాదు. అడిగితే చెప్పదు. చెబితే కామరాజుగారు ఆ మాటే పట్టుకుని రేవు తీసేసుకుంటారని భయం. ఎంత ఎత్తులో పెడితే నడుం మీద చెయ్యి వేసుకోకుండా ఉతుకుతుందో చూద్దామని ఇన్నాళ్లూ కూర్చున్నాను. నిన్న మెట్టు మీద పెట్టించామే, ఆ ఎత్తు సరిపోయింది. ఒక్క బండతో అంత ఎత్తు రాదు."

"నాకైనా చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు మీ అత్తయ్యకి చెబుతావు. మీ అత్తయ్య నీళ్లు మోసే ఆవిడకి చెబుతుంది. సాయంత్రానికి కామరాజుగారే వచ్చి నాకు చెబుతారు."

"అయితే ఈ తికమకంతా వేషమాండి?"

"వేషమేంట్రా?" అన్నారు మావయ్యగారు నొచ్చుకుంటూ. "ఎర్రదా నల్లదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పైన నల్లది వేస్తే బాగుండేదేమో. ఏమంటావు?"

నేను నూకయ్య దగ్గరికి పరిగెత్తాను. అక్కడే ఉంటే బండలు తారుమారయ్యేవి.

అటునుంచి అటే వెళ్లి, కామరాజుగారిని బతిమాలి కొత్తపేట మనిషిని ఒక్కరోజు ఆపించాను. పడవవాళ్లు రాత్రికి రాత్రే బండలు అమర్చారు. పౌర్ణమినాడు రత్నం నిటారుగా నిలబడి ఊరి బట్టలన్నీ ఉతికింది. ఆ దెబ్బల చప్పుడు కొబ్బరితోటల్లోకి వినిపించింది. మధ్యాహ్నానికి ఇసక తిన్నె నిండా తెల్లటి పంచెలే. కామరాజుగారు తన పంచె రెండువైపులా తిప్పి చూసుకుని, "కొత్తపేట మాట ఇక ఎత్తకండి" అన్నారు. అంతలో ఆయన చూపు బండల మీద పడింది.

"బండ మీద బండేంటండీ ముత్యాలరాజుగారూ?"

రత్నం చేతిలో చీర ఆగిపోయింది. ఆమె మావయ్యగారి వంక చూసింది. సంగతి ఆమెకీ తెలిసిపోయిందని నాకప్పుడు అర్థమైంది.

"ఏం చెప్పమంటారు బావగారూ," అన్నారు మావయ్యగారు తల వంచుకుని, "ఏది మంచిదో తేలలేదు. రెండూ వేయించేశాను."

రేవంతా గొల్లుమంది. నూకయ్య పడవలో కూలబడి నవ్వాడు. కామరాజుగారు కళ్లు తుడుచుకుంటూ, "ఇలాంటి మనిషిని ఎక్కడా చూడలేదు బాబూ!" అన్నారు. నేను మాత్రం నవ్వకుండా మావయ్యగారి వంకే చూస్తున్నాను. మావయ్యగారు నా డొక్కలో ఒక్క పోటు పొడిచారు.

"నవ్వరా," అన్నారు పళ్ల మధ్య నుంచి, "అందరూ చూస్తున్నారు."

అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.